తెలియదు అనడం రాని పెట్టె

మా చిన్నాన్న కొడుకు చేపల చెరువు చల్లపల్లి దాటాక నాగాయలంక రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. అతను మాత్రం ఉండేది విజయవాడలో, నా అపార్ట్‌మెంటులోనే, నాకు రెండంతస్తుల పైన. చెరువుకీ అతనికీ మధ్య బస్సులో రెండు గంటలు పైనే పడుతుంది. చాలా ఏళ్లపాటు చెరువు కబురును ఆ దూరం గట్టున ఉండే కాపలా మనిషి దాటించేవాడు. తర్వాత ఒక ప్లాస్టిక్ పెట్టె దాటించడం మొదలుపెట్టింది. పెట్టె చెప్పిన మాట విని ఆ మనిషిని తీసేశారు. తీసెయ్యడానికి తలూపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ సంగతి దాచిపెట్టి ఆ కంపెనీ మీద ఎంత మండిపడ్డా నా కోపానికి విలువ ఉండదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

కాపలా మనిషిది సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం. మోకాళ్లు అరిగాక పడవ వదిలేసి, భార్యతో కలిసి మావాడి చెరువు గట్టు మీద రేకుల పాకలో కాపురం పెట్టాడు. ఇంచుమించు నా వయసు వాడే. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యానని తెలిసి నన్ను మేష్టారనేవాడు. రోజూ తెల్లవారుతుండగా చెరువు చుట్టూ తిరిగి నాలుగైదు చోట్ల ఆగి నీళ్లలోకి చిన్న రాయి విసిరేవాడు. రాయి పడ్డ చోట చేప చటుక్కున మునిగి పారిపోతే చెరువు బాగున్నట్టు. రాయి పడ్డా కదలకుండా నోరు నీటిపైనే పెట్టుకుని ఉంటే, నీళ్లలో గాలి తగ్గిందన్న మాట. అప్పుడు పరుగున వెళ్లి ఏరేటర్లు వేసేవాడు. అవి నీళ్లలో చక్రాల్లా తిరిగి నీటిని చిలికి గాలి కలుపుతాయి. ఇదంతా అతనికి ఎవరూ నేర్పలేదు. చూసి చూసి పట్టుకున్నాడు.

నేను దాన్ని అంచనా అన్నాను. మంచి అంచనాయే అనుకో, అయినా అంచనాయే అన్నాను.

పెట్టె కొనమని మావాడికి చెప్పింది నేనే. నా ఉద్యోగం రోజుల్లో నీళ్లలో ఎంత ప్రాణవాయువు ఉందో పిల్లలకు చూపించాలంటే సీసాలు, మందులు, చుక్కచుక్కగా ఓపికగా పోయడం, పూట గడిచిపోయేది. అదే పని చేసే సాధనం ఇప్పుడు ఒక మామూలు సెల్‌ఫోను ధరకు వస్తోందంటే నాకు పండగలా అనిపించింది. నీటి మీద తేలే పెట్టె, దాని కింద నీళ్లలోకి దిగే బొటనవేలంత సెన్సారు, పైన పలకంత సోలార్ ప్యానెలు, లోపల ఒక సిమ్ కార్డు. పావుగంటకోసారి విజయవాడలో ఉన్న మావాడి ఫోనుకు అంకె పంపుతుంది. ఐదు పైన ఉంటే చెరువు క్షేమం. మూడు దగ్గరికి వస్తే ప్రమాదం. ఏరేటర్ల స్టార్టరును కూడా దీనికి జత చేశారు. అంకె తగ్గితే అవే తిరుగుతాయి, పెరిగితే అవే ఆగుతాయి, కరెంటు వృథా కాదు.

బిగించిన రోజు కాపలా మనిషి పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి నన్నడిగాడు.

"ఇది నిద్రపోదా మేష్టారూ?"

"పోదు."

"అబద్ధమాడదా?"

"అబద్ధమాడాల్సిన అవసరం దానికేముందయ్యా?"

"అయితే దీనికింకా పెళ్లి కాలేదండీ," అన్నాడు. పాక దగ్గర గిన్నెలు తోముతున్న భార్య అక్కడి నుంచే ఏదో అంది. అందరం నవ్వుకున్నాం.

ఏడాది పాటు పెట్టె చక్కగా పనిచేసింది. ఈ మాట కూడా చెప్పాలి. ఆ ఏడాది మావాడు చెరువు మీదకు వెళ్లడం సగానికి సగం తగ్గించేశాడు. పెళ్లిళ్లలో భోజనాల బల్ల దగ్గర ఫోను తీసి పక్కవాళ్లకు అంకె చూపించేవాడు.

రెండో ఏడు భాద్రపదంలో మూడు రోజులు ముసురు పట్టింది. చెరువు సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. నీళ్లలో ఉండే పచ్చదనం ఎండ తగిలితేనే ప్రాణవాయువును తయారుచేస్తుంది. మధ్యాహ్నానికి అది పెరుగుతుంది, చీకటి పడ్డాక చేపలన్నీ పీల్చుకుంటాయి కనుక తెల్లారేసరికి బాగా తగ్గుతుంది. మూడు రోజులు ఎండే లేకపోతే పెరగడమన్నది ఉండదు, తగ్గడమే మిగులుతుంది.

నాలుగో రోజు తెల్లవారుజామున నేను బందరు కాలువ గట్టు మీదకు నడకకని దిగేసరికి, మావాడు లుంగీతోనే గేటు దగ్గర నిలబడి ఫోనులో కసురుతున్నాడు. అవతల కాపలా మనిషి. చేప పైకి లేచిందనీ, రాయి వేస్తే మునగడం లేదనీ, చేత్తో ఏరేటర్లు వేస్తే నిమిషంలో వాటంతటవే ఆగిపోతున్నాయనీ చెబుతున్నాడట. మావాడు ఫోను నాకు చూపించాడు. ఐదు పాయింట్ ఆరు.

"ఎవరి మాట నమ్మమంటావన్నయ్యా?"

ఆలోచించడానికి నేను ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. "యంత్రాన్ని నమ్ము. దానికి నిద్రమత్తు ఉండదు," అన్నాను. అని నడకకు వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి రెండోసారి ఫోను వచ్చింది. అప్పటికే చేప తేలిపోయింది. మేము వెళ్లి చూసేసరికి శీలావతులూ బొచ్చెలూ తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని ఒడ్డు పొడుగునా పడి ఉన్నాయి. కాకులు వాలుతున్నాయి. కాపలా మనిషి భార్య గట్టు మీద చతికిలబడి ఉంది. అతను నడుంలోతు నీళ్లలో నిలబడి చచ్చిన చేపను బుట్టలకెత్తుతున్నాడు. మమ్మల్ని చూసి పని ఆపలేదు.

మర్నాడు కంపెనీ కుర్రాడు అచ్చు వేసిన కాగితం తెచ్చాడు. అందులో ఆ రాత్రంతా ప్రాణవాయువు ఎంత ఉందో చూపే గీత ఉంది. ఎక్కడా ఐదు పాయింట్ ఆరు కంటే తగ్గలేదు. గీత కింద ఇంకో వరుస. చేత్తో ఆన్ చేసిన సమయం, ఆగిన సమయం, మళ్లీ ఆన్, మళ్లీ ఆగడం, అలా పదకొండుసార్లు. మీ మనిషి స్టార్టరుతో ఆటలాడాడండీ, అదీ అప్పటికే నష్టం జరిగిపోయాక, అన్నాడా కుర్రాడు. ప్రాణవాయువు బాగానే ఉంది కాబట్టి నీళ్లలో వేరే ఏదైనా కలిసి ఉంటుందనీ, కాపలా వాడు పడుకుని ఉంటాడనీ చాలా మర్యాదగా చెప్పాడు.

కాపలా మనిషి ఒక్కటే మాటన్నాడు. "నేను పడుకోలేదు బాబుగారూ. రాయి వేశాను. చేప మునగలేదు."

"రాయొచ్చి సాక్ష్యం చెప్తుందా?" అన్నాడు మావాడు.

అతను నావైపు చూశాడు. మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం ఆదివారం జరిగే చర్చల్లో పెరిగినవాణ్ని నేను. అక్కడి నియమం చాలా చిన్నది: మాటన్నవాడు రుజువు చూపాలి, చూపలేకపోతే తెలియదని ఒప్పుకోవాలి. ఆ నియమంతోనే విభూతి రాల్చేవాళ్లనూ, చేతిలో గీతలు చదివేవాళ్లనూ నలుగురిలో నిలదీశాను. అదే గొంతుతో, అదే నమ్మకంతో ఆ రోజు అతన్ని అడిగాను. "కాగితం మీద ఉన్నది తప్పనడానికి నీ దగ్గరేముందయ్యా?"

అతను చేతులు కడుక్కుని పాకలోకి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఇద్దరూ గట్టు దిగి వెళ్లిపోయారు.

ఆ వైపు చెరువులవాళ్లందరూ పొద్దున్నే రోడ్డు మలుపులో టీ బడ్డీ దగ్గర కలుస్తారు. ఏ చెరువుకు ఏ జబ్బు వచ్చిందో, ఏ లారీ ఎప్పుడు వస్తుందో తేలేది అక్కడే. పడుకుని చెరువు చంపినవాడని అక్కడే ముద్ర వేశారు. ఆ ముద్ర పడ్డాక ఏ గట్టు మీదా ఇంకెవరూ అతన్ని పెట్టుకోలేదు. కాపలా మనిషికి ఉండే ఆస్తల్లా మెలకువగా ఉంటాడన్న పేరే. ఆ పేరే పోయింది. రేవులో ఐసు పెట్టెలు మోస్తున్నాడని విన్నాను, ఆ మోకాళ్లతో. విని ఊరుకున్నాను.

దసరాకు విజయవాడలో కాలు పెట్టడానికి చోటుండదు. కొండ కింద క్యూలు కిలోమీటర్ల పొడవు సాగుతాయి. ఏటా ఆ రోజుల్లో నేను మావాడితో కలిసి చెరువుకు పారిపోతాను. అక్కడా పూజ తప్పదు. ఆయుధపూజ రోజున ఇంజను, వలలు, కాటా, మేత బస్తాలు తెచ్చే ట్రాక్టరు, అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తారు.

"అన్నయ్యా, నువ్వు కాసేపు కళ్లు మూసుకుని కూర్చో. పది నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత తిడుదువుగాని," అన్నాడు మావాడు.

నేను తిట్టడానికి సిద్ధంగానే ఉన్నాను. కొత్తగా పెట్టుకున్న కాపలా దంపతులు మేత షెడ్డులో పీట వేసి, దాని మీద ఆ పెట్టెను కూర్చోబెట్టారు. పొద్దున్నే చెరువులోంచి తీసి, స్విచ్చి కట్టేసి, సబ్బుతో కడిగి, సెన్సారుకు పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. కొలిచే సాధనానికి పసుపు రాస్తే ఇంక అదేం కొలుస్తుందని నోటిదాకా వచ్చింది. ఈ దేశంలో సైన్సుకు పట్టే గతి ఇదేనని ఉపన్యాసం మొత్తం మనసులో తయారైపోయింది.

అప్పుడు మావాడు పూజకు వచ్చిన పక్క చెరువు ఆసామికి ఫోను చూపిస్తున్నాడు. "చూశారా, ఐదు పాయింట్ ఎనిమిది. మా చెరువు ఫస్టు క్లాసండీ."

నేను పీట వైపు చూశాను. ఫోను వైపు చూశాను. మళ్లీ పీట వైపు చూశాను.

"ఏ చెరువురా?" అన్నాను.

"అదేంటన్నయ్యా, మన చెరువే."

"పెట్టె నీ ఎదురుగా దండ వేసుకుని కూర్చుంది. స్విచ్చి కట్టేసి ఉంది. ఐదు పాయింట్ ఎనిమిది ఎక్కడి నుంచి వస్తోంది?"

పూజ ఆగిపోయింది. హారతి పళ్లెం పట్టుకున్న మరదలు అలాగే నిలబడింది. మావాడు ఫోనును పైకీ కిందకీ జరిపాడు, కట్టేసి మళ్లీ తెరిచాడు. ఐదు పాయింట్ ఎనిమిది. గంట ఆగాం. ఐదు పాయింట్ ఎనిమిదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక గీత తెరిచి చూశాను. పొద్దున ఏడు నుంచి చెరువు గట్టులా చదునుగా ఉంది.

ఆ చదును గీతను నేనింతకు ముందు చూశాను. కంపెనీ కుర్రాడు తెచ్చిన కాగితంలో. బతికున్న చెరువు గీత మధ్యాహ్నం లేస్తుంది, తెల్లారేసరికి పడుతుంది. రాత్రంతా ఒక్క మెట్టు కూడా దిగని గీత ప్రకృతిలో ఉండదు. పిల్లలకు ముప్పై ఏళ్లు గ్రాఫులు నేర్పిన నేను ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని చూసి కూడా ఆ ముక్క అడగలేదు. అచ్చు వేసి ఉంది కనుక అడగలేదు. నేను ఎన్నో ఏళ్లు వెక్కిరించిన భక్తులు చేసిందీ ఇదే.

పండగ సెలవులు పోగానే మావాణ్ని వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. రింగురోడ్డు పక్కన మూడో అంతస్తు, గాజు తలుపులు, గోడ మీద పచ్చటి పొలాల బొమ్మ. కుర్రాడు మమ్మల్ని గుర్తుపట్టి టీ తెప్పించాడు. ముసురు పట్టిన ఆ మూడు రోజుల లెక్కలు లోపలి కంప్యూటర్లో తీయమన్నాను. చాలాసేపు తటపటాయించి తీశాడు. రెండో రాత్రి పదిన్నరకు సోలార్ బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. ఆ తర్వాత పెట్టె నుంచి ఒక్క అంకె కూడా రాలేదు. అంటే ఏ ముసురు చెరువులో ప్రాణవాయువును తగ్గించిందో, అదే ముసురు పెట్టెను కూడా చంపేసింది. అంతకు ముందు వచ్చిన చివరి అంకె ఐదు పాయింట్ ఆరు. ఫోనులో నిలిచిపోయింది అదే. ఆ చచ్చిన అంకెను నమ్మే, కరెంటు ఉన్న స్టార్టరు, అతను వేసిన ఏరేటర్లను వేసినప్పుడల్లా ఆపేసింది. పదకొండుసార్లు.

"అంకె రానప్పుడు రాలేదని ఎందుకు చూపించవు బాబూ?" అని అడిగాను.

"చూపిస్తామండీ. అంకె పక్కన చిన్న చుక్క పచ్చగా ఉండేది బూడిద రంగులోకి మారుతుంది. మాన్యువల్లో కూడా ఉంది సార్."

"చుక్క ఎందుకు? తెలియడం లేదని అక్షరాల్లో రాయొచ్చుగా?"

"మొదట్లో అలాగే పెట్టామండీ. సిగ్నల్ పోయినప్పుడల్లా రైతులు కంగారుపడి ఫోన్లు చేసి చంపేస్తున్నారు. అందుకని పాత అంకె ఉంచేస్తున్నాం. కస్టమర్‌కి ధైర్యంగా ఉంటుంది కదండీ."

ధైర్యంగా ఉంటుందట. నా జీవితంలో ఈ మాట ఎన్నో గడపల్లో విన్నాను. తాయెత్తు కట్టేవాడూ ఇదే చెప్పాడు, జాతకం చూసేవాడూ ఇదే చెప్పాడు. మాకేం తెలుసండీ అనడం వాళ్ల వ్యాపారంలో లేదు. అడిగినవాడు ధైర్యంగా ఇంటికి వెళ్లాలి, అంతే. గాజు తలుపుల వెనక కూర్చుని, సిమ్ కార్డులు వేసి, అదే వ్యాపారం చేస్తున్నారు. తాయెత్తుకు కనీసం ఏరేటరు ఆపే శక్తి లేదు.

చవకగా దొరికే సెన్సార్ల మీద నాకు కోపం లేదు. మా స్కూల్లో థర్మామీటర్లూ చవకవే. అయితే అవి పగిలితే పగిలినట్టు కనిపించేవి. పగిలాక కూడా నిన్నటి జ్వరం చూపించేవి కావు. ఇప్పుడు మా అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకుకు ఒక సెన్సారు ఉంది, పాల కేంద్రంలో ఒకటి ఉంది, కోల్డ్ స్టోరేజీలో ఉంది, కాలువ లాకుల దగ్గర బిగిస్తున్నారు. రేపు ఆస్పత్రిలో మంచం కిందా ఉంటుంది. వీటిలో ఎన్ని బతికున్నాయో, ఎన్ని నిన్నటి అంకెను ఇవాళ్టిదని చూపిస్తున్నాయో ఎవరు అడుగుతున్నారు? తెలియదు అన్న మాట పలకడం రాని సాధనం ఎన్ని అంకెలు చూపినా అది సైన్సు కాదు. ఆ మాట దానికి నేర్పడానికి ఖర్చేమీ కాదు. నేర్పితే ఫోన్లు వస్తాయని నేర్పలేదు. ఇది లోపం కాదు, తెలిసి చేసిన పని. దానికి ఒక మనిషి మోకాళ్లు మూల్యం.

ఆ కుర్రాడితో ఇదంతా అన్నాను. పైవాళ్లకు చెబుతానన్నాడు. మా నష్టానికి బదులుగా కొత్త మోడల్ పెట్టె ఉచితంగా ఇస్తామని తర్వాత ఒక మెసేజీ వచ్చింది. ఈ మోడల్లో చుక్క కాస్త పెద్దదిట.

కాపలా మనిషి దగ్గరికి వెళదామంటే మావాడు మొదట నసిగాడు. కబురు చేస్తే వస్తాడులే, మనం రేవుదాకా ఎందుకన్నయ్యా, అన్నాడు. వెళ్లాం. రేవులో ఐసు పొడి నేలంతా కరిగి కారుతోంది. అతను పెట్టె దించి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నేను జరిగినదంతా చెప్పాను. బ్యాటరీ, చివరి అంకె, పీట మీద ఐదు పాయింట్ ఎనిమిది. పీట సంగతి వచ్చేసరికి అతను నవ్వాడు.

"అయితే అమ్మవారే పట్టిచ్చిందన్నమాట మేష్టారూ."

ఆ పూజ జరగకపోతే నేనిప్పటికీ ఆ గీతనే నమ్ముతూ ఉండేవాణ్ని.

"తిరిగి వచ్చెయ్యి. కొత్తవాళ్లను వేరే గట్టుకు పంపేశాను, పాక ఖాళీగా ఉంది," అన్నాడు మావాడు.

"స్టార్టరు?"

"ఆటోమేటిక్ తీయించేశాను. తాళం నీ దగ్గరే ఉంటుంది."

అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఆ కాగితం ఉందా బాబుగారూ? నన్ను తీసేసిన రోజు చూపించింది?"

మావాడి బ్యాగులో ఉంది. కంపెనీ దగ్గర చూపించడానికి తీసుకెళ్లాం. అతను దాన్ని తీసుకుని నాకిచ్చాడు. "దీని మీద రాసివ్వండి మేష్టారూ. నాకు చదువు లేదు. మీరు నోటితో చెప్తే ఇక్కడున్న మేం నలుగురం వింటాం. టీ బడ్డీ దగ్గర కాగితమే నమ్ముతారు."

ఐసు పెట్టె మీద కాగితం పెట్టి రాశాను. ఈ గీత గీసిన సమయంలో యంత్రం చచ్చి ఉంది, ఈ మనిషి మేలుకుని ఉన్నాడు, చేపను కాపాడటానికి పదకొండుసార్లు ప్రయత్నించాడు, అని. సంతకం చేశాను. మావాడి చేత కూడా చేయించాను. పైకి చదివి వినిపించాను.

అతను విని తలూపాడు, కానీ కాగితం తీసుకోలేదు.

"ఆ పొద్దున యంత్రాన్ని నమ్మమని చెప్పింది మీరేనటగా. బాబుగారు ఆ రోజే చెప్పారు. అది కూడా రాయండి."

మావాడు ఏదో అనబోయాడు. నేను వద్దన్నాను. కాగితం కింద ఇంకా రెండు వేళ్ల జాగా ఉంది. ఐసు నీళ్లకు ఒక మూల తడిసిపోయింది. తడవని చోటు చూసుకుని అది కూడా రాశాను.